అరచేతిలో పోసి చూడండి

మా అమ్మ కందిపప్పు కొనే తీరు మీరు చూడాల్సింది. కొట్టువాడు ఎంత పొగిడినా కిమ్మనేది కాదు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, ఉఫ్‌మని ఊదేది. పొట్టు, దుమ్ము ఎగిరిపోయేవి. మిగిలినదాంట్లో ఒక బద్ద నోట్లో వేసుకుని కొరికేది. టక్‌మంటే తూకం వెయ్యమనేది. మెత్తగా నలిగితే పక్క కొట్టుకు నడిచేది. అంతా కలిపి అర నిమిషం.

ఆవిడ కడుపున పుట్టిన నేను, యాభై దాటాక, హైదరాబాద్‌లో ఒక ఖరీదైన అంగడిలో బంగారు రంగు డబ్బా చూసి మురిసిపోయి, మూతయినా తియ్యకుండా కొనుక్కొచ్చాను. లోపలున్నది రూయిబోస్. సాయంత్రం టీ తాగితే రాత్రి రెండింటిదాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటున్న రోజులవి. కెఫీన్ లేనిది ఏదన్నా ఉందా అని వెతికితే ఇది తగిలింది. డబ్బా మీద ‘ప్రీమియం’ అని వెండి అక్షరాలు. మూత తీస్తే గుప్పున వెనీలా. కాచి తాగితే ఎండుగడ్డి. అనుమానం వచ్చి పిండి జల్లెడలో పోసి జల్లిస్తే సగానికి సగం పొడిగా కిందికి రాలింది.

అమ్మినవాడి మీద కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ డబ్బా మూత తెరవకుండా డబ్బులిచ్చింది నేనే కదా. జీతం బేరమాడగలం, ఇంటి స్థలం కాగితాలు నాలుగుసార్లు చదవగలం. తెలియని వస్తువు ఎదురయ్యేసరికి మాత్రం కళ్లు, ముక్కు, నాలుక మూడింటినీ జేబులో పెట్టేసి పక్కవాడి విశేషణాలను నమ్ముతాం. నిర్ణయం తీసుకునే సత్తా ఇలాంటి చిన్నచోట్లే జారిపోతుంది. మళ్లీ పట్టుకోవలసింది కూడా ఇలాంటి చోటే. లక్షల వ్యవహారంలో సాధన చెయ్యలేం, వంద గ్రాముల ఆకుతో చెయ్యొచ్చు.

ముందు ఆ వస్తువు ఏమిటో తెలుసుకోండి. రూయిబోస్ దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు ఉత్తరాన సెడర్‌బర్గ్ కొండల చుట్టుపక్కల పెరిగే పొద. దాని వ్యాపారమంతా క్లాన్‌విలియం అనే చిన్న ఊరి చుట్టూ తిరుగుతుంది. ఆఫ్రికాన్స్ భాషలో రూయిబోస్ అంటే ఎర్రపొద. తేయాకుతో దీనికి చుట్టరికం లేదు. అమ్మ అరచేతిలో పోసి చూసిన కంది ఉందే, ఆ చిక్కుడు కుటుంబంలోదే ఇదీ. దీంట్లోంచి కెఫీన్‌ను ఎవరూ తీసెయ్యనక్కర్లేదు, పుట్టుకతోనే లేదు. అసలు దీన్ని టీ అనొచ్చా అన్నదీ తగువే. తేయాకు మొక్క నుంచి రానిదాని ప్యాకెట్ మీద ‘టీ’ అని రాయడం తప్పుదోవ పట్టించడమేనని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 డిసెంబరులో తేల్చిచెప్పింది. కాబట్టి ఇకమీదట ప్యాకెట్ మీద పేరు మారి కనిపించినా కంగారుపడకండి.

ఇక దాని రుచి ఎక్కడ పుడుతుందో తెలిస్తే కొనడం సగం వచ్చేసినట్టే. అక్కడి వేసవిలో, అంటే మనకు సంక్రాంతి రోజుల్లో, కోతలు జోరుగా సాగుతాయి. సూదుల్లాంటి ఆకులున్న సన్నటి రెమ్మలను కోసి, మోపులు కట్టి తెచ్చి, కొన్ని మిల్లీమీటర్ల ముక్కలుగా తరుగుతారు. నలిపి, నీళ్లు చిలకరించి, కుప్ప పోస్తారు. అప్పటిదాకా అది పచ్చగా, పచ్చిగడ్డి వాసనతో ఉంటుంది. కుప్పలో వేడి పుట్టి, గాలి తగిలి, రాత్రి గడిచేసరికి ఎర్రబడి తీపి వాసన తేలుతుంది. అప్పుడు కుప్ప విప్పి, ఆరుబయట పలచగా పరిచి ఎండబెడతారు. తొందరపడి విప్పితే గడ్డి వాసన పోదు. సరిగ్గా ఆరకపోతే ముక్కవాసన. విప్పే వేళ వచ్చిందని అనుభవజ్ఞులు తేల్చుకునేది రంగు చూసి, వాసన పట్టి. చేసినవాడు ముక్కుతో తేల్చుకున్న సరుకును మనం మూత చూసి కొంటున్నాం!

కాబట్టి మూత తెరవండి. తెరవనివ్వని చోట చిన్న ప్యాకెట్ ఒక్కటే కొని, ఇంట్లో తెల్లకాగితం మీద పొయ్యండి. ఇటుక రంగుకు కాస్త అటూ ఇటూగా, ముక్కలన్నీ దాదాపు ఒకే పొడవున ఉండాలి. తెల్లటి పుల్లలు ఒకటీ అరా ఉంటే దోషం కాదు. పుల్లలే ఎక్కువుంటే మీరు కట్టెపుల్లలకు డబ్బిచ్చినట్టు. వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. స్టెలెన్‌బోష్ విశ్వవిద్యాలయంలో దీని వాసనల మీద పరిశోధన చేసినవాళ్లు తేనె, కొయ్య, పంచదార పాకం, పూల వాసనలను మంచివాటిలో వేశారు. ఎండుగడ్డి, పచ్చి ఆకు, బూజు, మందు వాసనలను చెడ్డవాటిలో వేశారు. అంత పట్టీ మనకక్కర్లేదు. తేనెపట్టు దగ్గరకు వెళ్లినట్టుందా, పశువుల కొట్టంలో గడ్డివామి దగ్గరకు వెళ్లినట్టుందా, అంతే!

వెనీలా, నారింజ, దాల్చినచెక్క కలిపినవాటిని మొదటిసారి కొనకండి. అవి చెడ్డవని కాదు. మాసిన చొక్కా మీద అత్తరు కొట్టినా ఘుమఘుమలాడుతుంది, ఆ ఘుమఘుమలో చొక్కా సంగతి తెలియదు. పదార్థాల వరసలో ఒకే ఒక్క పేరున్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి. టీ సంచుల్లో సాధారణంగా సన్నరకం ఉంటుంది. రంగు చప్పున దిగుతుంది, పనికి తొందరపడేవాళ్లకు అవే మేలు. ధర మాత్రం పెట్టెకు కాదు, గ్రాముకు లెక్కేసుకోండి. రెండున్నర గ్రాముల సంచులు 40 ఉంటే 100 గ్రాములు. ఈ పాటి గుణకారం కొట్టులోనే చేసేస్తే చాలా బంగారు డబ్బాలు అల్మారాలోనే ఉండిపోతాయి. పచ్చ రూయిబోస్ అని ఇంకోటి దొరుకుతుంది. కుప్ప పోసి ఎర్రబరచకుండా ఆరబెట్టినది. ఆస్పలథిన్ అనే పదార్థం దాంట్లో ఎక్కువ నిలుస్తుంది, ధరా ఎక్కువే. ఎర్రదాని తీపి ఆశించి కొంటే మాత్రం దిగాలు పడతారు. ‘డిటాక్స్’, ‘సర్వరోగ నివారిణి’ వంటి మాటలున్న ప్యాకెట్‌ను పెట్టిన చోటే పెట్టేయండి. మీకు మందుబిళ్లలు నడుస్తుంటే అడగవలసింది డాక్టరును.

పండిన దేశం, ప్యాక్ చేసిన దేశం వేర్వేరుగా ఉండొచ్చు. రెండోది ఏదైనా ఫర్వాలేదు, మొదటిది దక్షిణాఫ్రికానే అయ్యుండాలి. 2021లో యూరోపియన్ యూనియన్ ఈ పేరును ఆ ప్రాంతపు సొత్తుగా నమోదు చేసింది, మన బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే.

ఈ మొక్కను తోటగా పెంచడం వెనక ఒక కథ చెప్పుకుంటారు. కొండల్లో దానంతటది పెరిగే పొదను సాగులోకి తేవాలని 1930 ప్రాంతాల్లో క్లాన్‌విలియం వైద్యుడు నోర్టియే పట్టుబట్టాడు. విత్తనాలా, ఆవగింజంత. కాయ పండగానే చిటుక్కున పగిలి ఇసుకలో పడిపోతాయి. ఎవరికీ దొరకవు. ఒక స్థానిక స్త్రీ మాత్రం తెచ్చి ఇచ్చేదట. ఎక్కడివమ్మా అంటే చెప్పేది కాదట. ఆవిడ చేసిందల్లా విత్తనం మోసుకుపోతున్న చీమల వెంట నడిచి, పుట్టలో దాచుకున్న నిల్వను కనిపెట్టడం. కథలో వైద్యుడి పేరు నిలిచింది, ఆవిడ పేరు చాలామందికి తెలియదు. ఈ ఆకు గుణం తరతరాలుగా తెలిసిన అక్కడి ఆదివాసులు ఖోయ్, సాన్ ప్రజలకు పరిశ్రమ నుంచి వాటా ఇచ్చే ఒప్పందం 2019లో గానీ కుదరలేదు. తోట దగ్గరి ధర మీద ఒకటిన్నర శాతం. అక్కడి చిన్నరైతుల సహకార సంఘాల సరుకు కనిపిస్తే నేను నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇస్తాను. నా లెక్కలో అదీ నాణ్యతే.

మా మేనకోడలు కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తుంది. నా డబ్బా గోడు విని పకపకా నవ్వింది. “మామయ్యా, ఇక్కడ ఇది ఇంటింటా తాగే మామూలు టీ. పాలు, చక్కెర పోసుకుని తాగుతారు. నువ్వేమో దాన్ని పూజగదిలో పెట్టేలా ఉన్నావు” అంది. వచ్చేటప్పుడు అక్కడి సూపర్‌మార్కెట్‌లో దొరికే మామూలు ప్యాకెట్ ఒకటి తెచ్చింది.

అప్పుడు ఒక పని చేశాం, మీరూ చెయ్యండి. రెండు తెల్ల కప్పులు. ఒక్కోదాంట్లో ఒక్కో చెంచా ఆకు. కప్పుల అడుగున ఏది ఏదో రాసిన చీటీలు మా ఆవిడ అంటించింది, నాకు చూపించలేదు. సలసల మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి, ఏడు నిమిషాలు ఆగాం. ఎక్కువసేపు ఉంచినా తేయాకులా చేదెక్కదు, కాబట్టి గడియారం చూసి కంగారు పడే పనిలేదు. వడగట్టి, పాలు పోయకముందే తాగి, కాగితం మీద ఒక్కోదానికి మూడేసి మాటలు రాశాను. మొదటిదానికి ‘తేనె, నునుపు, మళ్లీ కావాలి’. రెండోదానికి ‘గడ్డి, చప్పన, వద్దు’. చీటీలు తిప్పితే రెండోది బంగారు డబ్బా. మామూలు ప్యాకెట్ ఆకునే మళ్లీ పాలల్లో, అల్లం ముక్క వేసి మరిగించి చూశాం. రంగు ఇటుకపొడిలా దిగింది, రుచి నిలబడింది. మొదటి కప్పుకే ఇది పట్టుబడకపోవచ్చు, మూడు రోజులు చూడండి. ఒక్క జాగ్రత్త: ఇంగువ డబ్బా పక్కన పెట్టకండి, మర్నాటికి పప్పుచారు తాగినట్టుంటుంది.

మొన్న ప్యాకెట్ అయిపోతే మా పేటలోనే విడిగా తూచి అమ్మే కొట్టుకు వెళ్లాను. జాడీ మూత తియ్యమన్నాను. గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, ఉఫ్‌మని ఊదాను. నాలుగు రేణువులు ఎగిరాయి. ఒక ముక్క నోట్లో వేసుకుని కొరికాను కూడా, ఎందుకో తెలియదు. కొట్టబ్బాయి వింతగా చూశాడు.

“పప్పు అనుకున్నారా అంకుల్?”

“వంద గ్రాములు తూచు బాబూ” అన్నాను.