తేదీ వ్రాయు విధము, కాలభేదము

ఒక కార్యము ఎప్పుడు జరిగెనో తెలియకున్నచో, జరిగెనను మాటకు సగము విలువ పోవును. దస్తావేజునకు, రసీదునకు, పాఠశాల ధ్రువపత్రమునకు తేదీయే ప్రాణము. నేడీ లెక్కలను కంప్యూటర్లు వ్రాయుచున్నవి. కావున వానికి తేదీని బోధించు రీతిని విద్యార్థు లెరుగుట యవసరము.

ఇది మన యోరుగల్లునకు క్రొత్త చిక్కు గాదు. వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని శాసనమున శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారము, అనగా శనివారము, అని కలదు. 1084నకు 78 కూడిన 1162 వచ్చును. కాని మాఘము నాటికి ఆంగ్ల సంవత్సరము మారియుండును గనుక అది 1163 జనవరి 19వ తేది. వర్షము, మాసము, తిథి, వారము నాల్గును చెప్పుటచే ఒకదానిని మరియొకటి సరిచూచుచున్నది.

నిజాము కాలపు కచ్చేరీ కాగితములపై ఫసలీ సంవత్సర ముండెడిది. 1347 ఫసలీ ఆజూరు మాసము 1937 అక్టోబరులో మొదలయ్యెను. పాత భూమిపత్రమును చదువువారు ఆజూరు మొదలు డిసెంబరు కడవరకు 590, ఆ పిమ్మట 591 కూడవలెను. ఏ శకమో తెలియని తేదీ తగవులకు మూలము.

నేటి చిక్కును చూతము. 03-04-2025 అని వ్రాసిన మనకది ఏప్రిల్ 3. అమెరికావారికి మార్చి 4. ఈ సందేహము తీర్చుటకే 1988లో ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ నియమ మేర్పడెను. దాని ప్రకారము ముందు సంవత్సరము, పిదప మాసము, తుదకు దినము: 2025-04-03. ఇట్లు వ్రాసిన తేదీలను అంకెల వరుసను పేర్చినచో కాలక్రమము దానంతట నదియే కుదురును.

ఇక గడియారము మాట. భారత ప్రామాణిక కాలము 1906లో ఏర్పడెను. అది కాకినాడ చేరువగా పోవు 82½ అంశముల రేఖాంశము ననుసరించును. గ్రీనిచ్చి కాలమునకు 5½ గంటలు ముందు. యుద్ధకాలమున 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు వరకు ఆ భేదము 6½ గంటలు. న్యూయార్కు శీతకాలమున మనకు 10½ గంటలు, వేసవిని 9½ గంటలు వెనుక. కావున కాలభేదము స్థిరమైన అంకె గాదు. దేశశాసనమును బట్టి మారును.

దీనినుండి మూడు సూత్రములు తేలును. మొదటిది: సొమ్ము చెల్లింపు వంటి జరిగిపోయిన క్రియను ప్రపంచ సమన్విత కాలమున భద్రపరచి, చూపునపుడు స్థానిక కాలమునకు మార్చవలెను. రెండవది: జన్మదినము వంటి దానికి గంటను తగిలింపరాదు. 2010 జూన్ 2 అర్ధరాత్రి ఆరంభమని మన కాలమున వ్రాసినచో, సమన్విత కాలమున నది జూన్ 1 సాయంకాలము 6½ గంటలగును; యంత్రము జూన్ 1 అని చూపును. ఆ యొక్క దినపు తేడాచే రెండు పత్రములకు పొందిక లేదని బాలుని దరఖాస్తు త్రోసివేయబడవచ్చును. మూడవది: రాబోవు సమావేశమునకు స్థానిక గంటను, ఊరిపేరును కలిపి వ్రాయవలెను, ఆలోపున నచ్చటి నియమము మారినను గంట చెడదు.

శిలపై చెక్కిన తేదీని ఎనిమిది శతాబ్దములు దాటియు మనము చదువగలుగుచున్నాము. కంప్యూటరున వ్రాయు తేదీయు ఇతరులు సందేహము లేక చదువునట్లుండవలెను.