బిల్లు కంపెనీది, పూచీ ఎవరిది?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. నాన్న సాంచాల పనికి సూరత్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఇంజినీరింగ్ చదివి కడోదరా, పల్సానా వైపు డైయింగ్ మిల్లులకు వ్యర్థజల శుద్ధి ప్లాంట్ల (ఈటీపీ) డిజైన్లు, కాలుష్య బోర్డు అనుమతుల కాగితాలు చేసిపెడుతుంటాను. ఒక ప్రైవేట్ లిమిటెడ్ మిల్లుకు పని పూర్తిచేసి రెండేళ్లు దాటింది. జీఎస్టీతో కలిపి రూ.7,40,000 రావాలి. అడిగినప్పుడల్లా డైరెక్టర్ శేఠ్ ‘కంపెనీలో డబ్బు లేదు భాయ్’ అంటారు. ఆయన మాత్రం కొత్త కారు కొన్నారు, కొడుకు పేరున మరో యూనిట్ తెరిచారు. పని చెప్పింది ఆయనే, ఫీజు బేరమాడిందీ ఆయనే. ఆయన మీదే దావా వేయవచ్చా?
- ఒక పాఠకుడు, కడోదరా

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. అయినా మామూలు పరిస్థితుల్లో చట్టం చెప్పే జవాబు ‘వేయలేరు’ అనే. రిజిస్టరైన కంపెనీ చట్టం దృష్టిలో వేరే మనిషి. 1896లో ఇంగ్లండ్‌లో సాలమన్ కేసులో తేల్చిన ఈ సూత్రమే మన 2013 కంపెనీల చట్టానికీ పునాది. డైరెక్టర్ ఆ మనిషి తరఫున మాట్లాడే ఏజెంటు. యజమాని ఫలానా అని చెప్పి ఒప్పందం చేసిన ఏజెంటును ఆ ఒప్పందం వ్యక్తిగతంగా కట్టిపడేయదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ అంటుంది. కాబట్టి బేరమాడింది ఆయనే అన్న వాదన కోర్టులో నిలవదు.

సరిగ్గా మీలాంటి తగాదాయే 2007లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. ట్రైస్టార్ కన్సల్టెంట్స్ అనే సంస్థ తన సేవల సొమ్ము కోసం వీకస్టమర్ సర్వీసెస్ కంపెనీతోపాటు డైరెక్టర్‌నూ దావాలోకి లాగింది. కోర్టు ఒప్పుకోలేదు. పూచీకత్తు వంటిది రాసిచ్చి ఉంటేనో, వ్యక్తిగతంగా తప్పుడు పనికి పాల్పడితేనో తప్ప కంపెనీ అప్పును డైరెక్టర్ నెత్తిన పెడితే, లిమిటెడ్ కంపెనీ అన్న భావనకే అర్థం ఉండదంది. ఆ తీర్పు గుజరాత్ కోర్టులకు శిరోధార్యం కాకపోయినా, అవతలి వకీలు మొదట చూపేది అదే.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. ప్రైవేట్ కంపెనీ జీఎస్టీ ఎగ్గొడితే, అది తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకోలేని డైరెక్టర్ నుంచి వసూలు చేసే వీలును ప్రభుత్వం కేంద్ర జీఎస్టీ చట్టం 89వ సెక్షన్‌లో రాసుకుంది. పనిచేసి బిల్లిచ్చిన ఇంజినీరుకు, ఆడిటరుకు అలాంటి సెక్షన్ రాయలేదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను. అందుకే ఉన్న దారులను గట్టిగా పట్టుకోవాలి.

ముందుగా అది నిజంగా కంపెనీయేనా చూడండి. మిల్లు బోర్డును, శేఠ్ మాటను నమ్మకండి. బిల్లు మీది జీఎస్టీ నంబరును పోర్టల్‌లో వెతికితే అది కంపెనీయో, భాగస్వామ్య సంస్థో, సొంత వ్యాపారమో కనిపిస్తుంది. సొంత వ్యాపారమైతే యజమానే బాకీదారు. భాగస్వామ్య సంస్థ అయితే 1932 చట్టం ప్రకారం ప్రతి భాగస్వామీ మొత్తం అప్పుకు బాధ్యుడు. అప్పుడు మీ ప్రశ్నకు జవాబే మారిపోతుంది.

కంపెనీయే అని తేలితే, శేఠ్ ఎక్కడైనా ‘ఇది నేను కడతాను, నా పూచీ’ అని రాసిచ్చారేమో పాత మెయిళ్లు, కాగితాలు తిరగేయండి. పూచీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. ‘చూసుకుంటాలే భాయ్’ అన్న మెసేజ్ మాత్రం పూచీ కాదు.

కొత్త కారు సాక్ష్యం కాదు. కొడుకు యూనిట్ మాత్రం ఆరా తీయదగ్గదే. పాత మిల్లు యంత్రాలు, ఆర్డర్లు సరైన ధర లేకుండా అక్కడికి తరలిపోయి, పాత కంపెనీ ఉత్త డొల్లగా మిగిలితే, మోసం ఆధారంగా కంపెనీ ముసుగు తొలగించమని కోర్టును అడగవచ్చు. రుజువు భారం మీదే, అది బరువైనదే. కార్పొరేట్ శాఖ పోర్టల్‌లో మిల్లు బ్యాలెన్స్ షీట్లు, బ్యాంకులకు తాకట్టు పెట్టిన ఆస్తుల వివరాలు కొద్దిపాటి రుసుముతో దొరుకుతాయి. రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎటు పోయిందో కొంతైనా తెలుస్తుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది మీ ‘రెండేళ్లు దాటింది’ అన్న మాట. చెల్లింపు గడువు రాసుకోని పనికి, పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లలోపే దావా వేయాలి. ‘దీపావళి తర్వాత ఇస్తాం’ అనే నోటిమాట ఆ గడువును పెంచదు. గడువు ముగియకముందే కంపెనీ సంతకంతో బాకీ ఒప్పుకోలు తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. కంపెనీ మీ పేరున టీడీఎస్ కట్టి ఉంటే ఆ వివరం దాచుకోండి. అది బిల్లును వాళ్లు లెక్కలోకి తీసుకున్నారనడానికి ఆధారమే గానీ, సంతకం చేసిన ఒప్పుకోలుకు సాటిరాదు.

ఆ పని ఒప్పుకునే నాటికే మీకు చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే మీ చేతిలో మంచి ఆయుధం ఉన్నట్టే. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకు మించి సొమ్ము ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు 3 రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. ఆ చట్టం కింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లోనే అర్జీ పెట్టవచ్చు. తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక దాన్ని రద్దు చేయించుకోవాలంటే కంపెనీ ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. ఇదంతా కంపెనీ మీదే, శేఠ్ మీద కాదు. కానీ బేరానికి ఆయన దిగివచ్చేది ఇలాంటి చోటే.

రిజిస్ట్రేషన్ లేకపోతే కమర్షియల్ కోర్టే దారి. మొత్తం 3 లక్షలు దాటింది గనుక, అత్యవసర ఉత్తర్వులు కోరని పక్షంలో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో దివాలా పిటిషన్ వేస్తానని బెదిరించి లాభం లేదు. 2020 మార్చి నుంచి దానికి కనీస బాకీ కోటి రూపాయలు. చీటింగ్ కేసు పెట్టించమని ఎవరైనా చెబితే వినకండి. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే అది సివిల్ తగాదాయే.

ఏ దారి పట్టినా ముందు కంపెనీకి పంపే బాకీ నోటీసులో ఒక్క వాక్యం చేర్చండి: బిల్లు ఇచ్చిన 180 రోజుల్లో సొమ్ము కట్టకపోతే దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను కంపెనీ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మిల్లు అకౌంటెంటుకు ఈ వాక్యం బాగా అర్థమవుతుంది.

ప్రశ్న: నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ను. ఆడిట్ ఫీజు కింద ఒక కంపెనీ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది. సంతకం ఒక డైరెక్టర్‌ది, మరో ఇద్దరు డైరెక్టర్లు ఉన్నారు. కేసు ఎవరి మీద పెట్టాలి?
- ఒక పాఠకుడు, సూరత్

జవాబు: డైరెక్టర్ సొంతంగా చిక్కుకునే చోటు ఇదే. అయితే గడువులు కత్తిలాంటివి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజులు. ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. 2015 సవరణ తర్వాత, మీరు చెక్కు జమచేసిన మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.

కంపెనీని వదిలేసి డైరెక్టర్ల మీద మాత్రమే కేసు పెట్టకండి. కంపెనీ నిందితుల్లో లేకుండా డైరెక్టర్‌ను శిక్షించడం కుదరదని 2012లో అనీతా హడా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకం చేసినవారు, మేనేజింగ్ డైరెక్టర్ తమ స్థానం వల్లే బాధ్యులు. మిగతావారి సంగతి 2005లో హైదరాబాద్‌కు చెందిన ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ వేసిన కేసులో తేలింది. చెక్కు ఇచ్చిన నాటికి కంపెనీ వ్యాపార నిర్వహణ వారి చేతిలో ఉందని ఫిర్యాదులోనే రాయాలి, డైరెక్టర్ అయినంత మాత్రాన సరిపోదు. కాబట్టి ఎవరు ఏ పని చూసేవారో తెలుసుకుని రాయండి, తెలియనివారిని లాగకండి. నిందితులు నేరం ఒప్పుకోకపోతే, చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగవచ్చు.

మీ వృత్తిలో మరో రక్షణ ఉంది. కంపెనీల చట్టం కింద చేసిన ఆడిట్‌కు వివాదం లేని ఫీజు బాకీ ఉండగా మరో సీఏ ఆ కంపెనీ ఆడిటర్‌గా చేరకూడదని మీ ఇన్‌స్టిట్యూట్ 2008 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నష్టాల్లో మునిగిన యూనిట్లకు మినహాయింపు ఉంది. కొత్త ఆడిటర్ నుంచి లేఖ వచ్చినప్పుడు మొహమాటపడకుండా బాకీ సంగతి రాయండి.

ప్రశ్న: మావారి కంపెనీలో నా పేరు డైరెక్టర్‌గా పెట్టారు. ఆఫీసు గడప తొక్కింది లేదు. ఇప్పుడు ఒక కన్సల్టెంట్ ఫీజు కోసం నా పేరున కూడా చెక్కు నోటీసు పంపారు. ఇల్లు పోతుందేమోనని భయంగా ఉంది.
- ఒక సోదరి, కడోదరా

జవాబు: భయపడకండమ్మా. అలాగని నోటీసును పక్కన పడేయనూ వద్దు. చెక్కు మీద మీ సంతకం లేదని, రోజువారీ వ్యాపారంతో మీకు సంబంధం లేదని వకీలు ద్వారా జవాబివ్వండి. అది నిజమైతే, కేసు నడిచినా మీ మేర కొట్టివేయమని గుజరాత్ హైకోర్టును కోరవచ్చు. ఫీజు బాకీకి మీ సొంత ఇంటిని జప్తు చేయడం మామూలుగా కుదరదు.

నామమాత్రపు డైరెక్టర్‌గా ఇంకా కొనసాగడం మాత్రం మంచిది కాదు. కంపెనీల చట్టం 168వ సెక్షన్ కింద రాజీనామా లేఖ కంపెనీకి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. రిజిస్ట్రార్ దగ్గర మీ పేరు తొలగిందో లేదో మీరే పోర్టల్‌లో చూసుకోండి. రాజీనామాకు ముందు జరిగినవాటి బాధ్యత దానితో తుడిచిపెట్టుకుపోదు. మరొకటి మీవారిని ఈరోజే అడగండి: కంపెనీకి బ్యాంకు అప్పు తీసుకున్నప్పుడు మీ చేత పూచీ పత్రం మీద సంతకం పెట్టించారా? పెట్టి ఉంటే ఆ పూచీ రాజీనామాతో రద్దు కాదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేయాల్సిందే.