బి.పి. ఉన్న పట్టు రైతు బాగుండాలంటే

ఈసారి పాఠం పురుగు గురించి కాదు, పురుగును మేపే మన గురించి. బి.పి. ఉన్నా కొందరు హాయిగా పని చేసుకుంటున్నారు. కొందరికి నిద్ర లేదు, కళ్ళు తిరుగుతాయి, ఊరికే విసుగు. ఈ తేడా ఎందుకో చూద్దాం.

1. కొలత: షెడ్డులో వేడి, తేమ ఎంతుందో చెయ్యి పెట్టి చెప్పం, మీటరు చూసి చెబుతాం. బి.పి. కూడా అంతే. తలనొప్పి లేదు కాబట్టి బి.పి. లేదు అనేది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బి.పి. ఉన్న పెద్దవాళ్ళలో సగానికి దగ్గరగా తమకు ఉందనే తెలియనివాళ్ళే. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, ఆ తర్వాత చూపించుకోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ వద్దు. మళ్ళీ మళ్ళీ 140/90 గానీ, పైన గానీ వస్తే డాక్టరును చూడాలి.

2. మాత్ర తప్పేది: పురుగు నాలుగో జ్వరం లేచినాక 7, 8 రోజుల్లోనే మొత్తం ఆకులో 80 శాతం దాకా తినేస్తుంది. ఆ రోజుల్లోనే మనకు అన్నం, నిద్ర, మాత్ర మూడూ తప్పుతాయి. "గూళ్ళు కట్టినాక వేసుకుందాం" అంటాం. మాత్ర నిలిపితే బి.పి. చెప్పకుండా ఎక్కుతుంది. పక్షవాతం, గుండెపోటు వచ్చేది అలాగే. పొద్దున మాత్ర ఉన్నవాళ్ళు మొదటి మేపుకు ముందే వేసుకోండి.

3. మాత్రతో ఇబ్బంది: అమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్ళు వాస్తాయి. నీరు పోయే మాత్రతో మాటిమాటికీ లేవాల్సి వస్తుంది. మగవాళ్ళకు సంసారంలో ఇబ్బంది రావచ్చు, సిగ్గుపడి చెప్పరు. ఏదైనా సరే, మీరుగా నిలపకండి. డాక్టరుకు చెబితే వేరే మాత్ర ఇస్తారు. కళ్ళు తిరిగే రోజు పై తట్టుకు ఎక్కొద్దు.

4. నొప్పి మాత్ర: కొమ్మలు కోసి కోసి నడుము నొప్పి అని అంగడిలో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగుతుంటాం. ఇవి బి.పి.ని పెంచుతాయి, కిడ్నీకి కూడా చెడుపు. డాక్టరును అడగకుండా వద్దు.

5. ఉప్పు, పొగ: రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడం, కరువాడు, సాత్తూరు కారసేవులో ఉన్నది కూడా ఆ లెక్కలోదే. పొగాకు పురుగుకు విషమని షెడ్డు దగ్గరికి రానివ్వం. మన గుండెకు మాత్రం ఎందుకు పెట్టేది?

6. నిద్ర, ఇంటివాళ్ళు: రాత్రి మేపు ఒక్కరి మీదే వేయకండి, వంతులు పెట్టుకోండి. ఇంటి ఆడవాళ్ళు పురుగుకు ఆకు వేసి, మనకు అన్నం పెట్టి, తమ మాత్ర మరిచిపోతారు. "వేసుకున్నావా అమ్మా" అని అడిగేది మన పని. గూళ్ళ ధర గురించి దిగులుంటే లోపల దాచుకోకుండా ఇంట్లో నలుగురితో మాట్లాడండి.

మాత్రలకు దూరం పోనక్కర్లేదు. 2021 ఆగస్టు 5న మొదలైన "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో ఇంటికే వచ్చి చూసి మాత్రలిస్తారు. ఊరి నర్సమ్మను గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడిగి పేరు రాయించుకోండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

చాకీ వచ్చిన తేదీ, జ్వరాల తేదీలు రాసే కార్డు షెడ్డులో ఎలాగూ వేలాడుతుంటుంది. దాని పక్కనే ఇంకో కాగితం తగిలించి, మాత్ర వేసుకున్న ప్రతి రోజూ ఒక గీత పెట్టండి. ఈ పంట నుంచే మొదలుపెడదాం.