డిస్కుల శ్రేణిలో లెక్క తప్పినప్పుడు

సర్వర్ తెరుచుకోవడం లేదన్న కబురు వినగానే మరమ్మతుకు పూనుకోవడం సహజం. అయితే మొదటి లోపం కన్నా తొందరపాటు మరమ్మతు వలన కలిగే నష్టమే అనేక సందర్భాలలో ఎక్కువ. ఖతార్‌లో కంప్యూటర్ రంగంలో పనిచేస్తున్న మన తెలుగువారికీ, పిల్లల ఛాయాచిత్రాలను డిస్కులలో దాచుకొనే ప్రతివారికీ ఈ విషయం తెలిసి ఉండడం మంచిది.

చిట్టా, ఆవర్జా

మన పాత వర్తకులు రెండు పుస్తకాలు ఉంచుకొనేవారు. ఏ రోజు వ్యవహారం ఆ రోజు వ్రాసేది చిట్టా. దానిని ఖాతాల వారీగా ఎక్కించేది ఆవర్జా. డిస్కులోని ఫైల్ సిస్టమ్ కూడా ఇటువంటిదే. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే ‘ఐనోడ్’ల పట్టిక ఆవర్జా వంటిది. చేయబోయే మార్పులను ముందుగా నమోదు చేసే ‘జర్నల్’ చిట్టా వంటిది. మొత్తం కొలతలు ‘సూపర్ బ్లాక్’లో ఉంటాయి. విద్యుత్తు హఠాత్తుగా పోతే వ్రాత మధ్యలో ఆగవచ్చు. అప్పుడు సరుకు కొట్టులోనే ఉంటుంది. లెక్క మాత్రమే తప్పుతుంది.

పెద్ద సంస్థలలో ఈ లెక్క ఒక డిస్కు మీద కాక, డిస్కుల శ్రేణి మీద ఉంటుంది. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ వ్యాసంలో వివరించిన ‘రైడ్’ విధానమే దీనికి మూలం. ‘రైడ్–5’లో ఒక డిస్కు పోయినా, మిగిలినవాటిలోని ‘ప్యారిటీ’ సహాయంతో దానిలోని సమాచారాన్ని లెక్కగట్టవచ్చు. రెండవది కూడా పోతే లెక్క కుదరదు.

ముందు నిదానం, తరువాత చికిత్స

మొదటగా, డిస్కుల మీద వ్రాతలన్నీ ఆపివేయాలి. రెండవది, ఫైల్ సిస్టమ్ కన్నా ముందు శ్రేణిని పరీక్షించాలి. ఏ డిస్కు ఎప్పుడు తప్పుకున్నదో కంట్రోలర్ నమోదులలో చూడాలి. ముందుగా తప్పుకున్న డిస్కులో పాత సమాచారమే ఉంటుంది. దానిని బలవంతంగా చేరిస్తే పాత లెక్క, కొత్త లెక్క కలిసిపోతాయి. మూడవది, ప్రతి డిస్కుకూ నకలు తీసి, ఆ నకలు మీదనే పనిచేయాలి.

నాలుగవది, వ్రాయకుండా పరీక్షించడం. ‘ఎఫ్ఎస్‌సికె’ కార్యక్రమాన్ని ‘ఎన్’ అనే సూచనతో నడిపితే తప్పులు చూపుతుందే గాని దేనినీ మార్చదు. జర్నల్ ఇంకా ఎక్కించలేదు కనుక కొన్ని తప్పులు కనిపించడం సహజమే. లక్షల తప్పులు కనిపిస్తే మాత్రం డిస్కుల వరుస తారుమారైనదేమోనని అనుమానించాలి. అటువంటప్పుడు ‘సరిచేయి’ అంటే, ఒప్పును తప్పుగా దిద్దినట్లే.

శ్రేణి సరిగా ఉన్నదని తేలిన తరువాతనే చికిత్స. జర్నల్‌ను ఎక్కించడంతోనే తరచుగా పని పూర్తవుతుంది. ‘ఎక్స్ఎఫ్ఎస్’లో జర్నల్‌ను పారవేసే ‘ఎల్’ సూచన చిట్టచివరి ఉపాయం మాత్రమే. ‘ఎక్స్‌ట్–4’లో సూపర్ బ్లాక్ చెడితే, దాని నకళ్లు డిస్కులో మరికొన్ని చోట్ల ఉంటాయి, 4096 బైట్ల బ్లాకులైతే సాధారణంగా మొదటి నకలు 32768వ బ్లాకులో దొరుకుతుంది. పేరు పోగొట్టుకున్న ఫైళ్లు ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే సంచిలో అంకెల పేర్లతో చేరుతాయి.

2012 నేర్పిన పాఠం

2012 ఆగస్టులో ఖతార్‌లోని రాస్‌గ్యాస్ సంస్థ కార్యాలయ కంప్యూటర్లపై వైరస్ దాడి జరిగింది. వెబ్‌సైటు, ఈ–మెయిలు నిలిచిపోయినా వాయు ఉత్పత్తి ఆగలేదు. అదే నెలలో పొరుగున ఉన్న సౌదీ అరామ్‌కోలో ‘షమూన్’ వైరస్ సుమారు 30,000 కంప్యూటర్లను దెబ్బతీసింది. అది లెక్కను మాత్రమే చెరపలేదు. ఫైళ్లపైనే చెత్తను వ్రాసింది. సరుకే పోయినప్పుడు ఆవర్జాను ఎంత దిద్దినా ప్రయోజనం ఉండదు. రైడ్ కూడా రక్షించదు. చెత్త వ్రాతను సైతం అది శ్రద్ధగా భద్రపరుస్తుంది.

కనుక వేరొక చోట, వేరొక డిస్కులో, కంప్యూటరుకు కలపకుండా ఒక నకలు ఉంచుకోవాలి. అప్పుడప్పుడు దానిని తెరిచి, ఫైళ్లు తిరిగి వస్తున్నాయో లేదో చూసుకోవాలి. తెరిచి చూడని నకలు ఉన్నదో లేదో ఆపద వచ్చిననాడు గాని తెలియదు.