పూలు లేని రంగుల మడి

తోట యనగానే ఎల్లవారికిని మొదట పూలు తోచును. బంతి, చేమంతి, గులాబి, కనకాంబరము విరిసిన దినములలో పెరడు కన్నులపండువుగా నుండును. కాని పూల వైభవము కొద్దికాలపు వైభవము. చేమంతి చలికాలముతో ముగియును. బంతి కొన్ని నెలలకే ఎండిపోవును. మార్చి నెల దాటిన పిదప తెలంగాణపు ఎండలకు అనేక పూలమళ్ళు వట్టి మన్నుగా మిగులును. ఏడాది పొడవునను రంగు తరుగని మడిని నిర్మింపదలచినవారు పూలను గాక ఆకులను నమ్ముకొనవలెను. అట్టి ఆకులు గల మొక్కలలో శంకుధారి వృక్షములు ముఖ్యమైనవి.

పైను, దేవదారు, సైప్రస్, జూనిపర్, తూజా మొదలగునవి శంకుధారులు. వీనికి పూవులు లేవు. వీని గింజలు కాయలోపల మూసియుండక, శంకువు నందలి పొలుసుల నడుమ నుండును. అందుచేతనే వృక్షశాస్త్రజ్ఞులు వీనిని వివృతబీజములలో చేర్చిరి. ప్రపంచమున ఇట్టి జాతులు 600కు పైగా కలవు. వీని యాకులు సూదులవలెనో, సన్నని పొలుసులవలెనో ఉండును. పెక్కింటి యాకులు ఏడాది పొడవునను రాలిపోక నిలుచును. ఇచట ఒక పొరపాటును ముందుగానే తొలగించుకొనవలెను. సముద్రతీరమున విరివిగా పెంచు సరుగుడు చెట్టు చూచుటకు పైను వలె నుండును. దాని కాయయు చిన్న శంకువును బోలియుండును. అయినను అది పూవులు పూచు వర్గములోనిదే కాని శంకుధారి కాదు. వెలుపలి రూపమును మాత్రమే చూచి మొక్కల బంధుత్వమును నిర్ణయింపరాదు.

శంకుధారుల రంగులకు కారణములు తెలిసికొనదగినవి. ఆకులలోని పత్రహరితము ఆకుపచ్చ రంగు నిచ్చునను సంగతి విద్యార్థు లెరిగినదే. కొన్ని తోట రకములలో లేతయాకులందు పత్రహరితము తక్కువగా నుండుటచే, కెరోటినాయిడ్లను పసుపు వర్ణకములు పైకి కనబడును. బంగారు తూజా అట్టిది. దానిని దట్టమైన నీడలో నాటినచో కొంతకాలమునకు బంగారు రంగు పోయి ఆకుపచ్చగా మారును. కొన్ని జూనిపర్ల యాకులపై సన్నని మైనపు పూత యుండును. అది వెలుతురును చెదరగొట్టుటచే ఆకు నీలిబూడిద రంగుగా కనబడును. ద్రాక్షపండ్లపై కనబడు తెల్లని పొడి వంటిదే ఈ పూత. మాటిమాటికి చేతితో రుద్దినచో చెరిగిపోవును. కావున ఆకుపచ్చ, బంగారు రంగు, నీలిబూడిద - ఈ మూడును శంకుధారుల మడికి మూలవర్ణములు.

మొక్కల రంగు లట్లుండగా, వానిని మోయవలసిన నేల ఎట్టిదో చూడవలెను. వికారాబాదు, తాండూరు పట్టణములు రెండును 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోనివి. హైదరాబాదునుండి వాడికి పోవు రైలుమార్గమున ఇవి రెండును ఉన్నవి. నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. ఆ కొద్దిదూరములోనే కాళ్ళక్రింది నేల పూర్తిగా మారిపోవుచున్నది. ఒకచోట పచ్చగా పెరిగిన మొక్క వేరొకచోట చిక్కిపోవుటకు ఈ మార్పే కారణము కావచ్చును.

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. అక్కడి నేల ఎర్రనిది. దానికి లాటరైటు అని పేరు. ఇటుక యను నర్థము గల లాటిన్ పదమునుండి 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అను నాతడు ఈ పేరును కల్పించెను. లక్షల సంవత్సరముల వానలు సున్నము మొదలైన కరగు పదార్థములను కడిగివేయగా, ఇనుము, అల్యూమినియము మిగిలి ఇట్టి నేల ఏర్పడును. ఇనుము తుప్పే దాని యెరుపునకు కారణము. ఇందు నీరు త్వరగా ఇంకును, సారము తక్కువ, కొంత ఆమ్లగుణము గలదు.

తాండూరు నాపరాళ్ళకు పేరొందిన పట్టణము. అక్కడి గనులలో సున్నపురాయి పలకలు పలకలుగా లేచును. నీలిబూడిద, పసుపు వన్నెలు గల తాండూరు బండలు తెలుగువారి ఇండ్లలో ఎన్నియో నేలలపై పరచబడి యున్నవి. ఆ ప్రాంతపు మన్నులో పలుచోట్ల సున్నము పాలు హెచ్చు. కావున అది క్షారగుణము గలది. అచట పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించెను. కందికి నచ్చిన నేల ప్రతి మొక్కకును నచ్చునని తలపరాదు. సున్నము హెచ్చుగా నున్న మన్నులో ఇనుము ఉన్నను, కరగని రూపమున నుండుటచే వేళ్ళకు చక్కగా అందదు. అప్పుడు ఆమ్లపు నేలను కోరు మొక్కల లేతయాకులు పాలిపోయి పసుపుపచ్చనగును.

ఇచటనే తోటపని నేర్చువారు జాగ్రత్త వహింపవలెను. బంగారు తూజా పసుపు వేరు. ఇనుము అందని మొక్క పసుపు వేరు. మొదటిది ఆ రకమునకు పుట్టుకతో వచ్చిన వన్నె. కొమ్మల కొనలందు మిలమిల మెరయుచుండును. మొక్క ఏటేట పెరుగుచునే యుండును. రెండవది రోగలక్షణము. అందు కాంతి యుండదు, పెరుగుదల ఆగిపోవును, కొనలు క్రమముగా మాడిపోవును. ఈ భేదము తెలియనివారు చావనున్న మొక్కను చూచి రంగు వచ్చినదని సంతోషింతురు.

నేల గుణమును తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఎండిన మన్నును చారెడు తీసి పళ్ళెములో నుంచి, దానిపై నిమ్మరసము పిండవలెను. సన్నని బుడగలు పొంగినచో ఆ మన్నులో సున్నము ఉన్నట్లు. నిమ్మలోని ఆమ్లము సున్నపురాతితో కలియగా బొగ్గుపులుసు వాయువు వెలువడుటచే బుడగలు పుట్టును. తాండూరు బండలు పరచిన వంటయింట నిమ్మరసము ఒలికినచోట నునుపు పోయి మరక నిలుచుట గృహిణు లెరుగుదురు. ఆ మరకకును ఈ బుడగలకును కారణ మొక్కటియే. మన్ను పరీక్ష అయిన పిదప, అడుగులోతు గోతిని త్రవ్వి, నిండుగా నీరు పోసి చూడవలెను. మరునాటికిని నీరు ఇంకనిచో అచట శంకుధారులను నాటరాదు. వీనిలో పెక్కు జాతులు కొంత ఎద్దడి నోర్చునుగాని, వేళ్ళవద్ద నిలిచిన నీటి నోర్వలేవు.

నేల తెలిసిన తరువాతనే మొక్కలను ఎన్నుకొనవలెను. చిత్రపటములలోని వెండినీలపు స్ప్రూసును చూచి మురియని వారుండరు. కాని అది అమెరికాలోని రాకీ పర్వతముల వృక్షము. గడ్డకట్టు చలికి అలవాటుపడిన ఆ మొక్క 40 డిగ్రీలు దాటు వేసవిలో బ్రతుకుట దుర్లభము. మరియొక ఆకర్షణ క్రిస్మస్ చెట్టని పిలువబడు అరకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాచు ఈ వృక్షముల నొకదానిని నార్‌ఫోక్ పైను అందురు. కెప్టెన్ కుక్ 1774లో పసిఫిక్ మహాసముద్రమందలి నార్‌ఫోక్ దీవిని కనుగొని, అచటి నిలువెత్తు మ్రాకులు ఓడల తెరచాప కొయ్యలకు పనికివచ్చునని భావించెను. స్వస్థలమున అది 150 అడుగులకు మించి పెరుగును. కుండీలో మూడడుగుల ముద్దుమొక్కగా నున్నదని దానిని చిన్న మడిలో నాటుట పులిపిల్లను పెరటిలో కట్టివేయుట వంటిది.

చైనా మొదలగు దేశములనుండి వచ్చిన తూర్పు తూజా, చైనా జూనిపర్ - ఈ రెండును ఉభయ ప్రాంతములకును తగినవి. సున్నపు నేలను, పొడిగాలిని ఇవి కొంతవరకు సహించును. తూజా రెమ్మలు విసనకర్రవలె నిలువుగా పరచుకొని యుండుటచే ఉత్తర భారతమున దానిని మోర్‌పంఖీ, అనగా నెమలిపింఛము, అందురు. చదువు వచ్చునని పిల్లలు ఆ రెమ్మలను పుస్తకములలో దాచుకొనుటయు కలదు. గోదావరి తీరమందలి కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలు అలంకార మొక్కలకు ప్రసిద్ధములు. మొక్క ఎచట కొనినను పైరంగు నొక్కదానినే చూడక, సంచిలో వేళ్ళు చుట్టలు చుట్టుకొనలేదని నిశ్చయించుకొని మరీ తీసికొనవలెను.

ఇక మడి నిర్మాణము. పాఠశాల ముంగిట 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల మడి యున్నదనుకొందము. దానిని అన్నివైపులనుండి చూడగలిగినచో ఎత్తైన మొక్క నడుమ నుండవలెను; ఒకవైపునుండి మాత్రమే చూచుట కైనచో వెనుక నుండవలెను. నిలువుగా పెరుగు ఆకుపచ్చని జూనిపర్ ఒకటి చాలును. దాని ముందు పొట్టి బంగారు తూజాలు మూడింటిని మూడేసి అడుగుల యెడముతో నాటవలెను. అంచునకు దగ్గరగా, నేలపై ప్రాకు నీలిబూడిద జూనిపర్లు మూడింటిని ఐదేసి అడుగుల యెడముతో నుంచవలెను. మొత్తము ఏడు మొక్కలు మాత్రమే. నాటిన దినమున మడి బోసిగా కనబడును. ఆ బోసితనమును చూడలేక నడుమ మరి పది మొక్కలు ఇరికించుటయే సాధారణముగా జరుగు తప్పు. నాలుగైదేండ్లకు అవి ఒకదానినొకటి ఒరసికొని, నీడపడినవైపు ఆకులు రాల్చి బోడివగును. ఖాళీలలో మొదటి రెండు మూడేండ్లు బంతినారు పోసికొనవచ్చును.

ఈ మూడు రంగులకు నాలుగవ రంగు నిచ్చునది ఆ యూరి నేలయే. వికారాబాదులో ఎర్రమన్ను బయటికి కనబడునట్లు విడిచినచో దానిపై బంగారు తూజా మరింత వెలుగును. తాండూరులో మడి చుట్టును నీలపు నాపరాతి ముక్కలను నిలువుగా పాతి గట్టు కట్టినచో నీలిబూడిద జూనిపరునకు తోడు దొరకును. అయితే రాళ్ళను అంచునకే పరిమితము చేయవలెను. రాతిపొడిని మడిలో చల్లినచో సున్నము ఇంకను హెచ్చును. ఎండకు కాగిన బండ మొదళ్ళను వేడెక్కించును.

నాటుటకు తొలకరి వానలు కురిసిన పిదపటి కాలము తగినది. వేరుముద్దకు రెట్టింపు వెడల్పు గల గోతిని త్రవ్వి, త్రవ్విన మన్నులో బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. సంచిలో ఎంతవరకు మన్ను ఉండెనో అంతవరకే పూడ్చవలెను. మొదలు లోతుగా పాతినచో కుళ్ళును. తాండూరు ప్రాంతమున నల్లమన్ను బరువైనది కావున మడిని చుట్టుప్రక్కల నేలకంటె అడుగు ఎత్తుగా కట్టుట మేలు. ఈ పనికై అనంతగిరి అడవి మన్నును గాని, మొక్కలను గాని త్రవ్వి తేరాదు. ఒక మడిని అలంకరించుటకు ఒక కొండను బోడిచేయుట న్యాయము కాదు.

నీటి విషయమున ఈ జిల్లావారు పొదుపు పాటింపక తప్పదు. మొదటి రెండు వేసవులే మొక్కకు గండములు. మొక్క ప్రక్కన చిన్న మట్టికుండను మెడవరకు పాతి నీరు నింపి మూతపెట్టినచో, తడి మెల్లమెల్లగా వేళ్ళకు చేరును. ఆవిరియై పోవునది తక్కువ. పాదులో ఎండుటాకులు పరచవలెను. కందికోతల పిదప మిగులు కందికట్టెతో తడిక యల్లి పడమటివైపు నిలిపినచో లేతమొక్కకు సాయంకాలపు ఎండ తగులదు. వేసవి సెలవులలో నీరు పోయు బాధ్యతను ఎవరెవరు ఏయే వారము వహింతురో నాటుటకు ముందే నిశ్చయించుకొనవలెను. అది నిశ్చయము కానిచో ఆ యేడు నాటకుండుటయే మంచిది.

కత్తిరింపునందును మెలకువ కావలెను. వేపచెట్టు మోడును చేసినను చిగుర్చును. తూజా అట్లు చిగుర్పదు. ఆకులులేని ముదురు కొమ్మవరకు కత్తిరించినచో ఆ భాగము మరల పచ్చబడక బోడిగానే నిలుచును. కనుక కొనలను మాత్రమే కొద్దికొద్దిగా సవరింపవలెను. ఇంకొక విశేషము గలదు. సామాన్యమైన మొక్క నీరు లేనిచో వాడి, తన కష్టమును వెంటనే తెలుపును. శంకుధారి వేళ్ళు చచ్చిన తరువాతను కొన్ని వారములు ఆకుపచ్చగానే కనబడును. రంగు మారిన దినమున నీరు పోయుటకు పరుగెత్తినను ప్రయోజన ముండదు. ఆకును చూచి గాక, మన్నులో వ్రేలు గుచ్చి తడిని చూచి నీరు పోయవలెను.

ఇట్లు పెంచిన మడి మొదటి యేట ఎవరి కంటను పడదు. మూడవ యేట రంగులు ఒకదానికొకటి చేరువగును. ఎనిమిదవ తరగతిలో మొక్కను నాటిన బాలిక పాఠశాల విడిచిపోవునాటికి అది ఆమె నడుమునకైనను రాకపోవచ్చును. అయినను ఏ వేసవిలోనో ఆమె మరల ఆ ముంగిటికి వచ్చునప్పుడు, పూలన్నియు మాడిన యెండలో ఆ ఏడు మొక్కలును ఆకుపచ్చ, బంగారు, నీలిబూడిద వన్నెలతో నిలిచి యుండును. ఆమె నాడు పళ్ళెములో మన్ను పోసి నిమ్మరసము పిండి చూచినందుననే అవి నిలిచినవి.