బువ్వ మానేసినా ఒళ్ళు ఎందుకు తగ్గలేదు?

మా రాత్రిబడికి ఒక అక్క వస్తుంది. తార్నాక దగ్గర బస్తీలో ఇల్లు. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఊడ్చే పని. ఒకరోజు పుస్తకం పక్కన పెట్టి ఏడ్చింది.

"రెండు నెలల నుంచి రాత్రి బువ్వ తింటలేను టీచరమ్మా. ముందు మూడు కిలోలు తగ్గిన. మళ్ళ ఆగిపోయింది. దొంగతనంగ తింటున్నవని ఇంట్ల నవ్వుతున్నరు."

అక్క అబద్ధం చెప్పలేదు. మరి ఎందుకు తగ్గలేదు?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో పుట్టింది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో ఎవరు ఏం తినాలి, ఎంత తినాలి అని లెక్కలు కట్టేది అక్కడే. అక్క రోజూ ఆ దారినే పనికి పోతుంది. లోపల ఏం చేస్తారో ఆమెకు తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు!

మేమూ ఒక లెక్క వేశాం. తిండి ఇచ్చే శక్తిని కేలరీలతో కొలుస్తారు. చిన్న చెంచా చక్కెరలో సుమారు 20 కేలరీలు. అక్క రోజుకు నాలుగు టీలు తాగుతుంది. ఒక్కో టీలో రెండు చెంచాలు. మొత్తం 160 కేలరీలు. చిన్న చెంచా నూనెలో సుమారు 45. కూరలో నూనె ఎవరూ కొలవరు. పిల్లలు వదిలిన అన్నం కూడా అక్కే తింటుంది.

"అది తిండా? పారేసేదే కదా!" అంది. అందరం నవ్వాం. అందరి ఇళ్ళలోనూ అదే కథ.

ఇంకో సంగతి. తిండి తగ్గితే ఒళ్ళు కూడా ఖర్చు తగ్గిస్తుంది. కూలి తగ్గితే మనం చెయ్యి బిగబట్టినట్టే. అందుకే ముందు తగ్గిన బరువు తర్వాత ఆగిపోతుంది.

అక్కకు నీరసం ఉంది. జుట్టు రాలుతోంది. ఎండాకాలంలోనూ చలి అంటుంది. ముట్టు ఎక్కువగా అవుతోంది. బస్తీ దవాఖానకు పొమ్మన్నాను. అక్కడ టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ తక్కువ ఉందని తేలింది. థైరాయిడ్ అంటే గొంతు ముందు ఉండే చిన్న గ్రంథి. దాని రసం తగ్గితే ఒళ్ళు మందగిస్తుంది. నీరు చేరుతుంది. బరువు పెరుగుతుంది.

డాక్టరమ్మ పరగడుపున వేసుకోమని మాత్ర ఇచ్చింది. ఇది ఒళ్ళు కరిగించే మాత్ర కాదు. జబ్బు లేనివాళ్ళు మింగితే గుండెదడ వస్తుంది. అక్క చూపించిన చీటీతో పక్కింటామె కొనబోయింది. నేనే ఆపాను.

అక్క బరువు కొంచెమే తగ్గింది. నీరసం పోయింది. రాత్రి మళ్ళీ బువ్వ తింటోంది. రక్తపరీక్ష కాగితం ఇంట్లో అందరికీ తనే చదివి వినిపించింది.

రాయండి: నిన్న మీరు ఎన్ని టీలు తాగారు? అన్నిటిలో కలిపి ఎన్ని చెంచాల చక్కెర?