అమ్మానాన్నలకు షియాన్ చూపించగలరా?

చైనాలో ఎంబీబీఎస్ చదివే తెలుగు విద్యార్థికి అక్కడి భాష ఎంత ఒంటబట్టిందో తెలియాలంటే, ఇంటి నుంచి అమ్మానాన్నలు చూడటానికి రావాలి. క్యాంపస్‌లో పాఠాలు ఇంగ్లిష్‌లో నడుస్తాయి, హాస్టల్లో కబుర్లు తెలుగులో సాగుతాయి. ఇలా ఏళ్లు గడిచినా లోటు తెలియదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లాకే అసలు సంగతి బయటపడుతుంది.

షియాన్‌నే తీసుకుందాం. ఒకప్పుడు చాంగాన్ పేరుతో రాజధానిగా వెలిగిన నగరమిది. షియాన్ జియావోతోంగ్ యూనివర్సిటీ ఇక్కడే ఉంది.

వీసాతోనే పని మొదలవుతుంది. చదువుకుంటున్న పిల్లల దగ్గరికి కొద్దిరోజుల కోసం వచ్చే తల్లిదండ్రులకు ఎస్2 వీసా ఉంది. దాని కోసం విద్యార్థి ఆహ్వాన లేఖ, తన పాస్‌పోర్టు, నివాస పర్మిట్ కాపీలు పంపాలి. వచ్చినవాళ్లు హోటల్లో దిగితే పోలీసు నమోదు హోటలే చూసుకుంటుంది. అద్దె ఇంట్లో ఉంచుకుంటే మాత్రం 24 గంటల్లోపు స్టేషన్‌కు వెళ్లి చేయించాలి. ఆ కౌంటర్ దగ్గర ఇంగ్లిష్‌తో పని జరుగుతుందని ధీమాగా ఉండకూడదు.

ఇక ఊరు. 14వ శతాబ్దంలో మింగ్ పాలకులు కట్టించిన కోటగోడ చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. పైన తిరగడానికి సైకిళ్లు అద్దెకిస్తారు. డిపాజిట్ ఎంతో, సైకిల్ ఏ ద్వారం దగ్గర అప్పగించాలో విద్యార్థే కనుక్కోవాలి. ముస్లిం వీధుల్లో తిండి దగ్గర ఇంకాస్త కష్టం. అమ్మ శాకాహారి అయితే మాంసం వద్దంటే చాలదు, నూడుల్స్‌లో పోసేది ఎముకల రసమా కాదా అని కూడా అడగాలి. పుల్లటి వెనిగర్, ఎర్రటి మిరపనూనె కలిపి ఇచ్చే చల్లని లియాంగ్‌పీ మన నాలుకకు ఇట్టే నచ్చుతుంది. అది అడిగి తెప్పించగలిగితే ఆ పూట గట్టెక్కినట్టే. నగరానికి తూర్పున 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడ్డ మట్టి సైనికుల దగ్గర, గైడ్ చెప్పే మాటలు విని, గుర్తుపెట్టుకుని, నాన్నకు తెలుగులో చెప్పాలి. దుబాసీలు శిక్షణలో నేర్చుకునేది సరిగ్గా ఈ విద్యే.

ఈ ఊళ్లో ఆ విద్యకు మూలపురుషుడి లాంటివాడు ఉన్నాడు. బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి క్రీ.శ. 652లో కట్టిన పెద్ద హంస పగోడా ఇప్పటికీ నిలిచి ఉంది. ఆయన మన అమరావతి ప్రాంతంలోని ధాన్యకటకంలో కూడా ఆగి చదువుకున్నాడు. 645లో తిరిగొచ్చాక చనిపోయేవరకు అనువాదమే ఆయన పని. గుంటూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి కథ షియాన్‌లో ఉండదు.

ఇదంతా కెరీర్‌కు ఎందుకంటే, రేపు వార్డులో రోగి ఇంగ్లిష్ మాట్లాడడు. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, తిన్నాక పెరుగుతుందా అన్నవి చైనీస్‌లోనే అడగాలి. పెద్ద వయసు రోగులైతే స్థానిక యాసలో జవాబిస్తారు. భారత జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సుతో పాటు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చదివిన సంస్థలోనే పూర్తిచేయాలి. చాలా యూనివర్సిటీలు ఇంటర్న్‌షిప్‌కు ముందు చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయి అడుగుతాయి. పాత సిలబస్ లెక్కన అది 1,200 పదాలు. భాష రానివారికి ఆ ఏడాది పక్కన నిలబడి చూడటంతోనే సరిపోతుంది. స్వదేశంలో రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివినవారు 40,417 మంది కూర్చుంటే 6,387 మందే గట్టెక్కారు. కారణాలు చాలా ఉండొచ్చు, కానీ రోగితో మాట్లాడకుండా వైద్యం నేర్చుకోవడం అసాధ్యమన్నది నిస్సందేహం. మొదటి ఏడాది నుంచే వారానికో సాయంత్రం క్యాంపస్ దాటి బజారులో, బస్సులో, మందుల షాపులో మాట్లాడటం అలవాటు చేసుకోవాలి.

వైద్యం వైపు వెళ్లనివారికీ ఈ భాషతో దారులున్నాయి. ఢిల్లీ జేఎన్‌యూలో చైనీస్‌లో బీఏ ఆనర్స్ ఉంది. శాంతినికేతన్‌లోని చీనా భవన్ 1937 నుంచి ఈ భాష నేర్పుతోంది. చైనాలోనే చదవాలనుకునేవారు చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చైనీస్ మాధ్యమంలో డిగ్రీకి ఎంపికై, భాష రానివారికి ముందు భాషా శిక్షణ ఉంటుంది.